కింది పైపు

ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటగానే చెంచమ్మ చేసిన మొదటి పని ఇంజన్ ఆపడం కాదు. మెడ బయటికి పెట్టి వెనకా ముందూ ఎవరన్నా చూస్తున్నారేమో చూసుకుంది. ఎవరూ లేరు. వెనక వాగు మీది చప్టా, చప్టా అవతల తను వచ్చిన మట్టిబాట, అటూ ఇటూ ఏరేసిన పత్తిచేలు, ముందు తారురోడ్డుకు పోయే ఎత్తు, అంతే. అప్పుడు బండిని పక్కకు తీసి తాళం తిప్పింది. ఇంజన్ ఆగినా లోపల నీళ్ళు కుతకుతమంటూనే ఉన్నాయి, బానెట్ సందుల్లోంచి ఆవిరి సన్నగా వస్తోంది. రావే, నువ్వు కూడా రా, అందరూ కలిసి నా పరువు తియ్యండి, అంది ఆవిరితో. వెనక నలభై టిక్కీల ఎండుమిరపకాయలున్నాయి, బస్తా బస్తాగా తొక్కి కుట్టినవి. రోడ్డెక్కగానే టీకొట్టు, ఆ టీకొట్టు దగ్గర నాలుగింటికి మరిది ప్రేమ్‌చంద్ ఉంటాడు, వాడి పక్కన పాత ఇనుము కొనే రహమాన్ ఉంటాడు. నిన్న సాయంత్రం కల్లంలో పదిమంది ముందూ తను అన్న మాట తన చెవుల్లోనే ఇంకా మోగుతోంది: నలభై టిక్కీలేసుకుని, ఎక్కడా ఆపకుండా, చుక్క నీళ్ళు పొయ్యకుండా దీన్ని రోడ్డెక్కిస్తా, ఎక్కించలేకపోతే తాళం నీ చేతిలో పెడతా, ముక్కలు కోయించుకుని తూకానికి అమ్ముకో. ఎవడూ అడగలేదు తనని ఆ మాట. నోరు ఊరుకుంటేగా. ఇప్పుడు టైమెంత, ఒంటిగంట ముప్పావు. బండి ఆగింది. ఆగిందంటే ఓడినట్టేనా? ఎవడు చూశాడు?

రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యకూడదు. గంట ఆగాలి. ఈ గంట ఉంది చూశారూ, దీనికంటే పస్తుండటం నయం. చెయ్యి ఊరుకోదు, బానెట్ ఎత్తుతుంది, దించుతుంది, వేడి మొహానికి కొడుతుంది, మళ్ళీ ఎత్తుతుంది. మామ వెంకటనారాయణ అలాగే ఆగలేక ఒకసారి మూత తిప్పాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు ఊడొచ్చింది ఆయనకి, నెల రోజులు అరిటాకు మీద చెయ్యి పెట్టుకుని పడుకున్నాడు, పడుకుని కూడా ఆ బండి తప్పేం లేదు, తప్పు నాదే అన్నాడు. మిలిటరీ వాళ్ళ వేలంలో కొన్నాడు ఈ లారీని. ఊళ్ళో ఇప్పటికీ దీని పేరు మిలిటరీయే. నాలుగు చక్రాలూ లాగుతాయి. నల్లరేగడిలో వాన పడితే మనిషి మోకాలి దాకా దిగబడతాడు, ట్రాక్టరు ఇరుసు దాకా దిగబడుతుంది, ఇది మాత్రం గొణుక్కుంటూ పోతుంది, పోతూ బురదంతా పక్కోడి మీద చల్లుతుంది. ఆయన దీన్ని మొదటిసారి ఊళ్ళోకి తెచ్చిన రోజు, పెళ్ళి కొడుకుని ఊరేగించినట్టు మూడు బజార్లూ తిప్పి ఇంటికి తెచ్చాడట. అత్త హారతి పళ్ళెం తీసుకుని గడప దాటి వచ్చి, ఇంత వికారంగా ఉందేందయ్యా, దీనికా నేను హారతిచ్చేది, అని పళ్ళెం లోపల పెట్టేసిందట. హారతి ఇవ్వకపోతే ఇవ్వకపోయింది, నలభై ఏళ్ళ బండి, ఈ చుట్టుపక్కల చేలల్లో దీని చక్రం దిగని గట్టు ఒక్కటి లేదు. అలాంటి దాన్ని రహమాన్ గ్యాస్ కట్టరు తెచ్చి మధ్యకి కోస్తాడట. కోస్తాడు, ముందు నన్ను కొయ్యమను.

మామ తరవాత పెద్దకొడుకు నడపాలి గదా. పెద్దకొడుకు అంటే తన మొగుడు మాలకొండయ్య. మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు, ఎవరి జోలికీ పోనివాడు, స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం దేవుడే దిక్కు. ఎదురుగా లారీ వస్తే కళ్ళు మూసుకుంటాడు. వినుకొండ సంతకి పోతూ పక్కన కూర్చున్న తను రెండుసార్లు చూసింది, నిజంగా మూసుకున్నాడు, మూడోసారి వంగి తనే స్టీరింగ్ తిప్పింది. దిగవయ్యా నువ్వు, అంది. దిగాడు. ఎంత హాయిగా దిగాడో ఆ మనిషి, జైల్లోంచి వదిలినట్టు దిగాడు, ఆ తరవాత మళ్ళీ ఎక్కలేదు, మార్టూరు పోయి రాళ్ళు పాలిష్ పట్టే పనిలో చేరాడు, ఆదివారం ఆదివారం వస్తాడు. అప్పటికి తనకి ముప్ఫై నిండలేదు. చీర కుచ్చెళ్ళు క్లచ్చికి అడ్డం పడుతుంటే పైన మొగుడి చొక్కా తొడిగి, కుచ్చెళ్ళు పైకి దోపి నడిపింది. నవ్వారు. మగాడు రాళ్ళు రుద్దుకుంటుంటే ఆడది లారీ తోలుతోంది అన్నారు. అనండి. మిరపకోతల్లో ముప్ఫై మంది ఆడవాళ్ళని చేలోకి దింపేది ఎవరు, వాన మబ్బు పట్టగానే చెంచమ్మా చెంచమ్మా అని గడప దగ్గరికి పరిగెత్తుకొచ్చేది ఎవరు? అన్నవాళ్ళే. ఇది పోతే తను ఏమిటి? మాలకొండయ్య పెళ్ళాం, ప్రేమ్‌చంద్ వదిన. ఆ రెండూ తనకి తక్కువని కాదు, చాలవు. పదిహేనేళ్ళు ఎత్తు సీటు మీద కూర్చుని ఊరిని పైనుంచి చూసినదాన్ని మళ్ళీ పీట మీద కూర్చోమంటే ఎలా కూర్చుంటుంది? కూర్చోదు. అంతే. దానికి ఇంకో కారణం ఎందుకు?

ప్రేమ్‌చంద్ చెడ్డవాడు కాడు, అదే వచ్చిన బాధ. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. వాడు కూర్చోబెట్టి మెల్లగా చెబుతాడు. వదినా, నీ మంచికే చెబుతున్నా, ఏదో ఒకరోజు ఎత్తులో ఆగి వెనక్కి జారుద్ది, అప్పుడు నిన్ను ఎవరు తెచ్చిస్తారు మా అన్నకి, అంటాడు. ఏం తక్కువ చేశారు దీనికి రెండేళ్ళలో? రేడియేటర్ మార్పించాడు వాడే, సొంతంగా తిరిగి తిరిగి ఎక్కడినుంచో తెచ్చాడు. మామ బతికున్న రోజుల్లో కారుతోందని పసుపు పోసేవాడు రేడియేటర్లో, గుప్పెడు గుప్పెడు, పసుపు ముద్ద చిల్లులో పట్టేసి కారటం ఆగేది. ఆ పసుపంతా గొట్టాల్లో పూడుకుపోయి ఉంటుందన్నాడు యూసుఫ్, నిజమే, పాతది కోస్తే పచ్చగా పెచ్చులు పెచ్చులు రాలింది. కొత్తది వేశారు. మళ్ళీ ఉడికింది. యూసుఫ్ వినుకొండలో పేరున్న మెకానిక్కు, మిలిటరీ బండ్లంటే అతనికి ప్రాణం, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని ఆపే లోపలి వాల్వు పీకి అవతల పారేశాడు, ఇది ఎండ దేశమక్కా, మనకి వాల్వెందుకు, అన్నాడు. ఉడికింది. వాటర్ పంపు మార్చాడు. ఉడికింది. రేడియేటర్ సందుల్లో పత్తి పీచూ మిరప తొడాలూ చేరి కంబళిలా కట్టుకున్నాయని పిన్నీసుతో కూర్చుని ఒక్కొక్క గడీ గీకింది తను, రెండు రోజులు తుమ్మింది, కళ్ళు వాచాయి. శుభ్రంగా అద్దంలా అయింది. అయినా ఉడికింది. యూసుఫ్ షెడ్డులో గంటసేపు ఇంజన్ ఆన్ చేసి పెట్టి, చూడక్కా, ముల్లు కదల్లేదు, నువ్వు తోలే తీరులో ఉంది, అన్నాడు. తన తీరులోనా! అప్పుడు చెప్పింది తను, గొంతు చించుకుని చెప్పింది: ఊరికే ఆన్ చేసి పెడితే ఉడకదయ్యా, చేలో మెల్లగా పోతే ఉడకదు, బరువేసుకుని ఎత్తులో గట్టిగా తొక్కినప్పుడే ఉడుకుతుంది, తొక్కినప్పుడే, వినపడుతోందా? విన్నాడు. తలూపాడు. చివరికి ఇంజన్ హెడ్డు బీటలిచ్చి ఉంటుంది, ఇప్పి లాభం లేదక్కా, అన్నాడు. ఆ మాట పట్టుకునే ప్రేమ్‌చంద్ రహమాన్ దగ్గరికి పోయాడు. మగవాళ్ళు ఇద్దరు, ఇద్దరికీ నోళ్ళున్నాయి, చెవులు మాత్రం దేవుడు ఇవ్వటం మర్చిపోయాడు.

ఫోను మోగింది. మాలకొండయ్య. వెనక రాతి మీద బిళ్ళలు తిరిగే మోత, ఆ మోతలోంచి అరుస్తున్నాడు.

"ఏమే, ఎక్కడున్నావు? ఎక్కావా రోడ్డు?"

"ఎక్కుతున్నా."

"బండి చప్పుడు వినపడట్లేదే?"

"నీ రాళ్ళ చప్పుడు తగ్గితే నా బండి చప్పుడు వినపడుద్ది."

"అది కాదు... ఒకవేళ ఆగిందనుకో, వాడికి ఇచ్చెయ్యవే తాళం. తమ్ముడితో గొడవెందుకు?"

"గొడవ నేను పడతాగానీ నువ్వు రాళ్ళు రుద్దుకో పో. అన్నం తిన్నావా?"

"తిన్నా. ఇయ్యాల గోంగూర పెట్టారు."

"సరే పెట్టెయ్."

పెట్టేసింది. ఎక్కుతున్నా అని అబద్ధమాడింది మొగుడితో. ఇరవై రెండేళ్ళ కాపురంలో కోపం చాలాసార్లు చూపించింది, అబద్ధం ఎన్నిసార్లు ఆడిందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాలుగింటికి ప్రేమ్‌చంద్‌తో కూడా ఆడాలి గదా? ఎక్కడా ఆపలేదయ్యా, చూడు, అనాలి. చల్లారాక నీళ్ళు పోసుకుని, ఎత్తు ఎలాగోలా ఎక్కి, ముల్లు మళ్ళీ లేచేలోపల టీకొట్టు దగ్గర ఆపేస్తే వాడికేం తెలుస్తుంది? ఎందుకు ఆడకూడదు? తన పదిహేనేళ్ళు ఒక పక్కన, ఒక్క అబద్ధం ఇంకో పక్కన. వేసవి ఇంకా రానేలేదు, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, టిక్కీల్లోంచి ఘాటు దిగి గొంతులో కూర్చుంది, తను దగ్గింది, బండి కూడా లోపల ఒకసారి గుటుక్కుమంది. ఇద్దరం ఒకటే మనం, అంది. నిన్ను వాళ్ళకి ఇవ్వను. ఇవ్వనని ఎంత గట్టిగా అనుకున్నా కాళ్ళు మాత్రం బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. వంగి కింద చూసింది, ఆయిల్ కారటం లేదు. ఆయిల్లో నీళ్ళు కలిసి తెల్లగా అయిందేమో అని పుల్ల తీసి చూసింది, నల్లగా చక్కగా ఉంది. హెడ్డు బీటలిస్తే ఇలా ఉంటుందా? ఉండదు. ఉండదని యూసుఫ్‌కీ తెలుసు, విసుగొచ్చి అన్నాడంతే. రేడియేటర్ కొత్తది. పంపు కొత్తది. బెల్టు బిగువుగా ఉంది. కింది పైపు, అది తన చేతి పని, ఈ బండి మొత్తంలో నమ్మదగింది అదొక్కటే.

ఆ పైపంటే తనకి ఎందుకంత ప్రేమో ఊళ్ళో అందరికీ తెలుసు. ముందటేడు తుపాను. మూడు రోజులు ఎడతెరిపి లేని వాన, కల్లాల్లో కాయలు పట్టాల కింద ఉబ్బుతున్నాయి, మరియదాసు వాళ్ళ పంటంతా వాగు ఒడ్డు చేలో, నీళ్ళు గట్టు దాకా వచ్చాయి. మిలిటరీ వేసుకుని తను వెళ్ళింది. రెండో ట్రిప్పులో, చేను మధ్యలో, ఇంజన్‌కీ రేడియేటర్‌కీ మధ్య కింద ఉండే పైపు ఫట్టుమని పేలింది. ఎక్కడ దొరుకుతుంది పైపు ఆ వానలో? అందరూ నెత్తిన చేతులు పెట్టుకున్నారు. తను గట్టు మీద పడున్న మోటారు పైపు చూసింది, నల్లటి మందపాటి రబ్బరుది, కొడవలి పెట్టి మూరెడు కోసింది, పాత పైపు పీకి అవతల పారేసి దీన్ని తొడిగి రెండు క్లిప్పులు బిగించింది. పాతదాంట్లోంచి తుప్పు పట్టిన స్ప్రింగు ఒకటి బురదలో పడింది, పడితే పడిందనుకుంది. మూడు ఇళ్ళ వాళ్ళ కాయలు ఆ రోజు ఒడ్డెక్కాయి. మరియదాసు భార్య వానలో తడుస్తూ తన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. చెంచమ్మ బుర్రే బుర్ర, అన్నారు, మగవాళ్ళే అన్నారు. నెల తరవాత యూసుఫ్ చూసి, ఒరిజినల్ కంటే మందంగా ఉందక్కా, వందేళ్ళుంటుంది, అన్నాడు. ఆ తరవాత ఎవరు బానెట్ ఎత్తినా తను ముందే చెప్పేది: ఏదైనా విప్పుకోండిగానీ ఆ పైపు జోలికి రావద్దు. మూడుసార్లు చెప్పింది, ముగ్గురికి చెప్పింది, నవ్వుతూ ఒకసారి, మామూలుగా ఒకసారి, యూసుఫ్ పానా దాని మీద పెట్టబోతే చెయ్యి పట్టుకుని లాగి మరీ ఒకసారి.

రెండున్నర. రేడియేటర్ ఇంకా వేడిగానే ఉంది. వాగు గుంట దగ్గర బుడాన్ వాళ్ళ ఆయిల్ ఇంజన్ ఉంది, మనిషి లేడు, అన్నానికి పోయుంటాడు. దాని పైపులు రెండూ అరగంట నుంచి తన కళ్ళ ముందే ఉన్నాయి. ఒకటి గుంటలోకి దిగి ఉంది, రింగులు రింగులుగా, గట్టిగా, బొమ్మిడాయి చేపలా వంగి. ఇంకోటి గట్టు మీదుగా చేలోకి పోయింది, నీళ్ళు లేవు గనక చదునుగా నేలకి అంటుకుపోయి, ఎవరో తొక్కి పోయినట్టుగా. తన నాన్న గుండ్లకమ్మ ఒడ్డున ఇంజన్ వేసేవాడు, చిన్నప్పుడు తనని పైపు పట్టుకోమనేవాడు, అమ్మాయ్, ఇది తాగే పైపు, అది కక్కే పైపు, తాగేది గట్టిగా ఉండాల, మెత్తందైతే ఇంజన్ పీల్చే పీల్పుకి రెండు పక్కలూ అంటుకుపోయి గుక్క నీళ్ళు రావు, కక్కేది ఎట్టా ఉన్నా ఫరవాలేదు, అనేవాడు. ఊళ్ళో ముసలివాళ్ళకీ తెలుసు, ముక్కు కారే పిల్లలకీ తెలుసు. తను ఆ రోజు గట్టు మీద కోసింది ఏది? చుట్ట చుట్టి ఉంది. వానలో నీళ్ళతో బరువుగా ఉంది. రింగులు లేవు. రింగులు ఉంటే క్లిప్పు కూర్చునేదే కాదు. కక్కే పైపు. ఇంజన్ పంపు రేడియేటర్లోంచి నీళ్ళు పీల్చుకునేది కింది పైపులోంచే, తను కక్కే పైపు కోసి ఆ తాగే చోట పెట్టింది.

కాదు. ఎందుకు కాదు? చల్లగా ఉన్నప్పుడు అది చెక్కలా గట్టిగా ఉంటుంది, తను ఎన్నిసార్లు నొక్కి చూడలేదు! ఉడికే నీళ్ళు రెండేళ్ళు పారితే రబ్బరు రబ్బరులా ఉంటుందా మరి? షెడ్డులో ఊరికే తిరిగే ఇంజన్ మెల్లగా పీలుస్తుంది, ఎత్తులో తొక్కితే రాకాసిలా పీలుస్తుంది. తొక్కినప్పుడే, తొక్కినప్పుడే అని గొంతు చించుకుంది ఎవరు? ఆ మాటలో సగం తనకి తెలిసే ఉందిగా, మిగతా సగం మీద తనే కూర్చుంది, ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకుండా కూర్చుంది. తుపాను ఎప్పుడు? ముందటేడు. ఉడకటం మొదలైంది ఎప్పుడు? ఆ తరవాత నెలలో, సాగరు కట్ట ఎక్కుతుంటే. ఆ బురదలో పడిన స్ప్రింగు పైపు లోపల ఎందుకుందనుకుంది? మిలిటరీవాడు ఊసుపోక పెట్టాడనా? మొహం వేడెక్కింది, ఆవిరి వల్ల కాదు. సిగ్గేసింది, ఒళ్ళంతా సిగ్గేసింది, చుట్టూ ఎవరూ లేకపోయినా పైట సర్దుకుంది. యూసుఫ్ ఎంత తిరిగాడు, ప్రేమ్‌చంద్ ఎంత తిరిగాడు, తను ఎన్ని తిట్లు తిట్టింది. తిట్టింది, సరే. ఏం, వాళ్ళు మాత్రం చూశారా? నేను కాపలా కాస్తే కాశాను, నా చెయ్యి తోసేసి చూడొచ్చుగా ఒక్క మగాడన్నా! ఇలా అనుకుని తనే పెదవి కొరుక్కుంది. చాల్లే, ఇంకా వాళ్ళ మీదకే తోస్తున్నావా, సిగ్గుంటే ముందు చూడు.

చూడాలంటే ఇద్దరు కావాలి, ఒకరు తొక్కాలి, ఒకరు కింద దూరి చూడాలి. తను ఒక్కతే. గోనెపట్టా నాలుగు మడతలేసి మూత మీద పెట్టి కొంచెం కొంచెం తిప్పింది, బుస్సుమంది, ఆగింది, మళ్ళీ తిప్పింది. ఇంజన్ తిప్పి, డబ్బాలోంచి నీళ్ళు సన్నగా పోసింది. చుక్క నీళ్ళు పొయ్యకుండా అన్నావుగా చెంచమ్మా, పోశావు, అయిపోయింది, ఇంక ఆ పందెం ముచ్చట వదిలెయ్. జాకీ రాడ్డు తెచ్చి ఒక కొస సీటుకి, ఒక కొస యాక్సిలేటర్‌కి తన్నిపెట్టింది. మిలిటరీ గావుకేక పెట్టింది, చప్టా మీది కొంగలు లేచిపోయాయి. పరిగెత్తి ముందుకొచ్చి బంపరు కింద వెల్లకిలా పడుకుని తల లోపలికి దూర్చింది. కింది పైపు. తను కోసిన పైపు, తను బిగించిన క్లిప్పులు. చూస్తుండగానే మధ్యలో సొట్టపడింది, మజ్జిగ ప్యాకెట్టు అడుగు పీల్చినట్టు లోపలికి పోయింది, రెండు పక్కలూ వచ్చి అతుక్కున్నాయి. ఇంక సందు లేదు, చుక్క పోదు. లేచి రాడ్డు తన్నేసింది, ఇంజన్ నెమ్మదించింది, మళ్ళీ వంగి చూస్తే పైపు ఏమీ ఎరగనట్టు గుండ్రంగా ఉంది. ఓసి నీ దుంపతెగా! మట్టిలో అలాగే కూలబడి నవ్వింది, నవ్వుతుంటే కళ్ళ నీళ్ళొచ్చాయి, ఆ నీళ్ళు నవ్వువో ఏడుపువో తనకే తెలియలేదు. నిన్ను రెండేళ్ళుగా గొంతు నొక్కి చంపుతున్నది నేనే గదే, అంది బండితో. రహమాన్ కాదు, ప్రేమ్‌చంద్ కాదు. నేనే. నేనైతే ఏం? నేను చేసిందే గనక నాకు విప్పటం కూడా వచ్చు.

పత్తిచేను కంచె ఒకచోట కూలి నున్నటి తీగ నేల మీద పడి ఉంది. పట్టకారుతో రెండు బారలు తుంచింది. జాకీ రాడ్డుకి గోనెపట్టా పీలిక చుట్టి, లావు సరిపోయిందనుకున్నాక దాని మీద తీగని చుట్టు చుట్టుకీ మోకాలు ఆనించి బిగించి చుట్టింది. అరచేతులు ఒరుసుకుపోయాయి. క్లిప్పు వదులు చెయ్యగానే వేడి నీళ్ళు మణికట్టు మీద పడ్డాయి, అమ్మా అని అరిచింది, అరిచాక, ఊఁ, నువ్వూ ఒక దెబ్బ కొట్టావు, లెక్క సరిపోయింది, అనుకుంది. పైపు ఊడబీకి, తీగ చుట్టని తిప్పుకుంటూ తిప్పుకుంటూ లోపలికి దించింది, కొసలు రబ్బరుకి గుచ్చుకోకుండా మడిచింది. ఇదేం శాశ్వతం కాదు, రేపు యూసుఫ్ దగ్గరికి పోయి, అతని ఎదుట నిలబడి తప్పు ఒప్పుకుని, సరైన పైపు వేయించాలి, నవ్వితే నవ్వనీ. తొడిగింది, బిగించింది, రెండో డబ్బా మొత్తం పోసింది, తాగే నీళ్ళ సీసా కూడా పోసింది. మళ్ళీ రాడ్డు తన్నిపెట్టింది, మళ్ళీ వెల్లకిలా పడుకుంది. మిలిటరీ అరిచింది, అరిచింది, పైపు వణికింది, లోపలికి పోబోయింది, పోలేదు. గుండ్రంగా నిలబడింది. రెండు నిమిషాలు అలాగే చూస్తూ పడుకుంది, ఆయిల్ చుక్క ఒకటి నుదుటి మీద పడినా తుడుచుకోలేదు. టైము మూడూ నలభై.

ఎత్తు మొదటి గేరులో మొదలుపెట్టి రెండుకి మార్చింది. తొక్కింది. ఇంతకు ముందు ముల్లు చూస్తూ భయపడుతూ తొక్కేది, ఇప్పుడు పగబట్టినట్టు తొక్కింది, ఉడుకు, ఉడుకుతావేమో చూద్దాం, అని తొక్కింది. ముల్లు సగం దాకా వచ్చింది. అక్కడ ఆగింది. కంకర తిప్ప దగ్గర, ఎప్పుడూ ఆవిరి కొట్టే చోట, వెనక టిక్కీలు మూలిగాయి, చక్రాలు రాళ్ళని వెనక్కి విసిరాయి, ముల్లు వెంట్రుకవాసి కదిలి మళ్ళీ వెనక్కి వచ్చింది. చెంచమ్మకి గొంతులోంచి కేక వచ్చింది, ఎవరికోసమో కాదు, ఊరికే. గెలిచినట్టే. ఎవరూ చూడలేదు, బట్టల మట్టి దులుపుకుంటే సరి, ముల్లు సగంలో ఉంది, సాక్షాత్తూ కనపడుతోంది. ఒక్క మాట, ఆపలేదయ్యా, అంటే చాలు, ప్రేమ్‌చంద్ నోరు మూత. అంటే, ఆ తరవాత? కింది పైపు సంగతి ఎవరికీ చెప్పకూడదు. యూసుఫ్ చెడగొట్టాడనే ఊరు అనుకుంటూ ఉంటుంది. బండి తనంతట తనే బాగయిందని అనుకుంటారు, తనంతట తనే మళ్ళీ చెడుతుందనీ అనుకుంటారు, రహమాన్ ఇంకో ఆరు నెలలకి మళ్ళీ వస్తాడు, మళ్ళీ పందెం, మళ్ళీ అబద్ధం. పైగా ఎవడి దయ మీద బతకాలి ఈ బండి, ఒక అబద్ధం దయ మీదా? ఛీ. తారురోడ్డు కనపడింది, ఇంకా ఏమనాలో తేల్చుకోలేదు, చక్రాలు మాత్రం రోడ్డెక్కేశాయి.

టీకొట్టు ముందు రహమాన్ ఆటో ట్రాలీ, దాంట్లో సిలిండర్లు రెండు. బల్లల మీద కల్లం దగ్గర నిన్న ఉన్నవాళ్ళే ఐదారుగురు, చూడ్డానికే వచ్చారు. ప్రేమ్‌చంద్ తెల్లచొక్కాలో ఎదురొచ్చి ఫుట్‌బోర్డు మీద కాలేసి ఎక్కి, కిటికీలోంచి ముందు ముల్లు చూశాడు. అతని మొహంలో నిజంగానే సంతోషం కనపడింది, అది చూసి చెంచమ్మకి ఇంకా కష్టంగా అనిపించింది.

"ఉడకలేదే! ఎక్కడా ఆపలేదుగా వదినా?"

"ఆపాను."

ప్రేమ్‌చంద్ ఆమె నుదుటి మీది ఆయిలు మరకనీ, చొక్కా నిండా మట్టినీ అప్పుడు చూశాడు.

"ఎంతసేపు?"

"రెండు గంటలు. చప్టా దగ్గర. నీళ్ళు కూడా పోశా, తాగే నీళ్ళతో సహా."

బల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ప్రేమ్‌చంద్ మెల్లగా చెయ్యి చాపాడు.

"మరి తాళం ఇవ్వు వదినా. నేను అడగలేదు, నువ్వే అన్నావు. పదిమంది ముందూ అన్నావు."

"అన్నా. ఇవ్వను."

"మాట తప్పుతున్నావా?"

"తప్పుతున్నా," అంది చెంచమ్మ, బల్లల దాకా వినపడేట్టు. "బుద్ధి తక్కువై పందెం కాశా, ఇప్పుడు తప్పుతున్నా. నిన్న పదిమందే ఉన్నారు, ఇయ్యాల ఊరంతటికీ చెప్పు, చెంచమ్మ మాట మీద నిలబడే మనిషి కాదని చెప్పు. ఇంకోటి కూడా చెప్పు. ఈ బండిని రెండేళ్ళు పాడుచేసింది యూసుఫ్ కాదు, నువ్వు కాదు, నేను. తాగే చోట కక్కే పైపు పెట్టా తుపాన్ నాడు. ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకుండా కాపలా కూడా కాశా. ఇయ్యాల నేనే బాగుచేశా. నవ్వుకుంటారో తిట్టుకుంటారో మీ ఇష్టం. రహమాన్ అన్నా, నిన్ను ఎండలో తిప్పినందుకు ఏమనుకోమాక, టీ తాగి వెళ్ళు."

రహమాన్ సరేనమ్మా అని గ్లాసు అందుకున్నాడు. ప్రేమ్‌చంద్ దిగలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది, తాగే చోట కక్కే పైపా, అని గొణిగాడు, అతనూ రైతుబిడ్డే గనక అతనికి అది చెప్పక్కర్లేకుండానే అర్థమైంది, అర్థమై నవ్వాలో కోప్పడాలో తెలియక అలాగే కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. కాయలు దించాల్సిన కోల్డ్ స్టోరేజీ గేటు ఆరింటికి వేస్తారు, ఇంకా పన్నెండు కిలోమీటర్లుంది. చెంచమ్మ క్లచ్చి తొక్కి మొదటి గేరు వేసింది.

"దిగుతావా, ఎక్కుతావా?" అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా బండి కదిలించింది.